బెజవాడ సభ హిస్టారిక్కా, హిస్టారికలా?

ప్రశ్న: పోటీ పరీక్షలకు ప్రిపేర్ అవుతున్నాను. ఒక మాక్ టెస్టులో 1921 నాటి బెజవాడ కాంగ్రెస్ సమావేశం గురించి ఒక వాక్యం ఇచ్చారు. 'ఈవెంట్' అన్న మాటకు ముందు ఖాళీలో హిస్టారిక్ రావాలా, హిస్టారికల్ రావాలా అని అడిగారు. హిస్టారికల్ అని పెడితే మార్కు పోయింది. వందేళ్లు దాటిన సంగతి చరిత్రే కదండీ?
– డిగ్రీ విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చరిత్రేనమ్మా. కానీ ఆ వాక్యం చెప్పదలచుకున్నది సభ ఎంత పాతదని కాదు, ఎంత ముఖ్యమైనదని. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగు చేయాలని, కోటిమంది సభ్యులను చేర్చాలని, 20 లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించింది. పింగళి వెంకయ్యగారు తన జెండా నమూనాను గాంధీజీకి చూపించిందీ ఆ సందర్భంలోనే. తర్వాత ఉద్యమం నడిచిన తీరు మీద ముద్ర వేసిన సభ కాబట్టి అది హిస్టారిక్. ఈ మాట వాడటానికి వందేళ్లు ఆగనక్కర్లేదు. నిన్న వచ్చిన తీర్పును కూడా ఈరోజు హిస్టారిక్ అనవచ్చు.

హిస్టారికల్ అంటే గతానికి, చరిత్రకు సంబంధించినది. గొప్పదా కాదా అన్న ఊసు అందులో లేదు. మా తాతగారు మిర్చి వ్యాపారం చేసేవారు. ఆయన పద్దుల పుస్తకం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఎవరివి ఎన్ని బస్తాలు, బండి బాడుగ ఎంత, కూలి ఎంత, అంతే, ఇంకేమీ ఉండదు. దాన్ని హిస్టారిక్ అంటే అతిశయోక్తి. కానీ ఆనాటి గుంటూరు వ్యాపారం గురించి రాసేవాళ్లకు అది హిస్టారికల్ డాక్యుమెంట్, చారిత్రక ఆధారం. ఈ మాటను తక్కువగా చూడకండి. మీ ఇంట్లో కూడా అలాంటి పాత కాగితాలుంటే దయచేసి చిత్తు కాగితాలవాళ్లకు వేయకండి.

హిస్టారికల్‌కు ఇంకో వాడుక ఉంది, పరీక్షల్లో దాన్ని పెద్దగా అడగరు గానీ చదువుకు చాలా అవసరం. పల్నాటి బ్రహ్మనాయుడు హిస్టారికల్ ఫిగరా అని ఎవరైనా అడిగితే, ఆయన గొప్పవాడా అని కాదు. నిజంగా బతికిన మనిషా, కథలో పుట్టిన మనిషా అని. వీరగాథల్లో చరిత్రా కల్పనా కలిసిపోయి ఉంటాయి కనుక పల్నాడు పక్కన ఉన్న మనకు ఈ ప్రశ్న తరచూ ఎదురవుతుంది. చారిత్రక నవలను కూడా హిస్టారికల్ నావెల్ అనే అనాలి. హిస్టారిక్ అన్నారో, ఆ నవలే చరిత్రలో నిలిచిపోయిందని అర్థం మారిపోతుంది.

తెలుగులో చారిత్రక, చరిత్రాత్మక అన్న మాటలను దాదాపు ఇలాగే వాడతాం. పేపర్లలో 'చారిత్రాత్మక' అని వస్తుంటుంది గానీ, చరిత్ర పక్కన ఆత్మక చేరితే చరిత్రాత్మకే అవుతుంది. నేను ఆ రూపమే రాస్తాను.

ఒక్క జాగ్రత్త. ఇక్-ఇకల్ జంటలన్నిటికీ ఈ తేడాను అంటగట్టకండి. ఎకనామిక్ అంటే ఆర్థిక, ఎకనామికల్ అంటే పొదుపైన. ఏ జంటకు ఆ జంటను విడిగా నేర్చుకోవాల్సిందే.

ప్రశ్న: హిస్టారిక్‌కు ముందు 'ఎ' రాయాలా, 'ఆన్' రాయాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: 'ఎ' రాయండి. ఇక్కడ హకారం పలుకుతుంది. అవర్, ఆనెస్ట్ మాటల్లో అది పలకదు, అందుకే వాటికి 'ఆన్'. కొందరు ఇంగ్లిష్ రచయితలు హిస్టారిక్‌కు కూడా 'ఆన్' రాస్తారు. ఆ మాటలో ఒత్తు రెండో అక్షరం మీద పడుతుంది, దాంతో మొదటి హకారం తేలిపోయినట్టు వినిపిస్తుంది. చదివేటప్పుడు అది కనిపిస్తే కంగారు పడకండి, పరీక్షలో మాత్రం 'ఎ' పెట్టి రండి.