కాగితం మీద ఆమెకు మతి ఉండాలి

నాయనా,

నీ నవల రాతప్రతి చదివాను. నెల్లూరు దర్గామిట్ట ఇంట్లో పెద్దామె సిరా అంటిన బొటనవేలిని కొంగుకు తుడుచుకుంటూ "ఇది దేనికి బాబూ?" అని అడిగే పేజీ బాగుంది. ఈ ఉత్తరం మాత్రం ఆ తర్వాతి అధ్యాయం రాయిస్తోంది. వృద్ధాశ్రమం మేనేజరు ఒక డాక్టరు చీటీ పట్టుకుని నెల్లూరు కోర్టుకు పోతాడు. వారం తిరక్కుండా ఆమెకు గార్డియన్ అయిపోతాడు, మర్నాడే ఇల్లు అమ్మేస్తాడు. ఇది అమెరికా నుంచి దిగుమతైన కథ. మన ఊళ్ళో నడవదు.

1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మైనర్ల కోసం. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో నామినేటెడ్ రిప్రజెంటేటివ్, అంటే రోగి తరఫున మాట్లాడే మనిషి, ఉంటాడు గానీ అతని మాట వైద్యం వరకే చెల్లుతుంది, ఆస్తి దాకా రాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇచ్చే పరిమిత సంరక్షకుడు ఆమెతో కలిసే నిర్ణయం తీసుకోవాలి. కోమాలో ఉన్నవాళ్ళ కోసమైతే ఇంటివాళ్ళు హైకోర్టులో రిట్ వేసుకుంటారు. 1987 నాటి పాత చట్టం కింద జిల్లా కోర్టు ఆస్తికి మేనేజరును పెట్టేది. అతనూ కోర్టు అనుమతి లేకుండా ఇల్లు అమ్మలేడు.

అసలు సంగతి ఇది, దీన్ని గట్టిగా పట్టుకో. మన దొంగకు ఆమె మతి లేనిదని రుజువైతే నష్టం. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన మనిషి చనిపోయినా, మతి చలించినా పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున వ్యవహారాలు నడపమని ఇచ్చిన అధికార పత్రం, రద్దయిపోతుంది. నీ మేనేజరు మూడో అధ్యాయంలో అలాంటి జనరల్ పవర్ (జీపీయే) రాయించుకున్నాడు, నాలుగులో ఆమెను పిచ్చిదాన్ని చేశాడు. తన కాగితాన్ని తానే చింపుకున్నాడన్నమాట! అతనికి కావలసింది "పూర్తి స్పృహలో, మంచి మతితో ఉన్నారు" అనే సర్టిఫికెట్. మోసమంతా అక్కడుంది, నీ ఉత్కంఠా అక్కడే ఉండాలి.

ఇల్లు అతని పేర దానంగా రాసిచ్చే పత్రం రిజిస్ట్రేషన్ రాయి. మంచం దిగలేని మనిషైతే సబ్ రిజిస్ట్రారే ఇంటికొస్తాడు, దాన్ని ప్రైవేట్ అటెండెన్స్ అంటారు. ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు. ఆ దాన సెటిల్‌మెంటుకు ఇద్దరు సాక్షులుండాలి. ఎదుటి మనిషికి మతి స్థిమితం లేదని తోస్తే సబ్ రిజిస్ట్రారు రిజిస్ట్రేషన్ నిరాకరించాలి, రిజిస్ట్రేషన్ చట్టం 35వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. అంటే ఆ కాసేపు పెద్దామె తన పేరు, తను రాసిస్తున్నదేమిటో తడబడకుండా చెప్పాలి. మతిమరుపు జబ్బున్నవాళ్ళు చాలామంది పొద్దున నిలకడగా ఉంటారు, సాయంత్రమయ్యేసరికి అయోమయంలో పడతారు. తెలివిడి ఉన్న వేళల్లో చేసిన ఒప్పందం చెల్లుతుందని కాంట్రాక్టు చట్టం 12వ సెక్షనే అంటుంది. మేనేజరుకు ఇది తెలుసు. అందుకే పొద్దున పది గంటలకు రమ్మంటాడు. సబ్ రిజిస్ట్రారు కారు పంక్చరై మధ్యాహ్నం నాలుగుకు చేరితే? అదీ నీ అధ్యాయం. కత్తులూ వెంటాడే కార్లూ అక్కర్లేదు.

ఆధారం కూడా అక్కణ్ణుంచే పుట్టాలి. సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరే రెండు నెలల ముందు ఆమెకు రాత్రి పడుకునే ముందు వేసుకోమని డోనెపెజిల్ 5 మిల్లీగ్రాములు రాశాడనుకో. అది మతిమరుపు జబ్బుకిచ్చే మాత్ర. మందుల షాపు బిల్లు మీద తేదీ ఉంటుంది. పైగా సంరక్షణలో ఉన్న ముసలామె దగ్గర ఆస్తి రాయించుకున్నవాడు, తను ఒత్తిడి చేయలేదని తానే రుజువు చేసుకోవాల్సి వస్తుంది. కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ చదువు.

చిన్న తప్పులు. నెల్లూరులో ఇంటి స్థలం అంకణాల్లో చెబుతారు, అంకణానికి ఎనిమిది గజాలు. నీ 320 గజాల ఇల్లు 40 అంకణాలు. నీ ఎస్సై "420 పెడతా" అంటాడు. బెదిరింపుకైతే సరే. 2024 జులై 1 తర్వాత జరిగిన నేరానికి ఎఫ్ఐఆర్‌లో మాత్రం ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 318(4) రాయాలి.

ముగింపులో లాయరు ఉపన్యాసం తీసెయ్. వారం వారం ఒక కేక, ఆఖర్న ఒక కోర్టు సీను ఉండాలని సీరియల్ సంపాదకులు ఒక తరం రచయితల మెడలు వంచారు. ఆ చెడు అలవాటు ఇప్పటి కుర్రవాళ్ళకూ అంటుకోవడం నాకు బాధ. పెద్దామె ఫిర్యాదుకు 2007 సీనియర్ సిటిజన్ల చట్టం ఉంది. ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్లో నడుస్తుంది. లాయర్లు అక్కడ వద్దని ఆ చట్టం 17వ సెక్షనే అంటుంది. 23వ సెక్షన్ కింద, చూసుకుంటారన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే వెనక్కి తెప్పించవచ్చు. షరతు ఉన్నట్టు తేలాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. కనుక తెలివైన మేనేజరు ఆ వాక్యం లేకుండా రాయిస్తాడు. కానీ దస్తావేజు లేఖరి పాతకాలపు మనిషి. దాన పత్రమనేసరికి "నా జీవిత పర్యంతం నన్ను పోషించవలసినది" అని అలవాటు కొద్దీ రాసేస్తాడు. మేనేజరు ఆస్తి షెడ్యూలు, హద్దులు సరిచూసుకుని సంతకం పెట్టేస్తాడు, మధ్య పేజీ చదవడు. నాలుగో అధ్యాయం నుంచి ఈ దారిలో తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మీ ఊరి పక్క ఊరివాడు