పక్కవాళ్లకు నష్టపరిహారం పడింది, మాకు పడలేదు: లిస్టు చూపించమని అడగొచ్చా?

ఊళ్లో కొందరికి అతివృష్టి డబ్బులు పడ్డాయి, మాకు పడలేదు, ఎవరికెంత ఇచ్చారో అడిగే హక్కు మనకుందా అని అడిగారు కదా. ఉందన్నా. ఈ డబ్బుకు కాగితాల మీద పేరే ఇన్‌పుట్ సబ్సిడీ. సబ్సిడీలు ఎవరికి ఇస్తున్నారో ఎవరూ అడక్కముందే ఆఫీసులు బయటపెట్టాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్‌లోనే ఉంది.

మాది మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా, తెలంగాణ బార్డర్‌కు ఆనుకున్న ఊరు. ఇంట్లో తెలుగు, కాగితాలన్నీ మరాఠీ. 2025 వానాకాలం సోయా నీళ్లలోనే నిలబడి కాయలోనే మొలకలొచ్చింది. తలాఠీ (ఊరి రెవెన్యూ అధికారి), గ్రామసేవక్ (పంచాయతీ కార్యదర్శి), వ్యవసాయ శాఖ మనిషి వచ్చి పంచనామా రాసుకున్నారు. అప్పటి లెక్క ప్రకారం నష్టం 33 శాతం దాటితేనే లెక్కలోకి వచ్చేది, వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి పారుదల ఉంటే 17,000. మా చిన్నాయనకు హెక్టారు 20 ఆర్ (1.20 హెక్టార్లు) ఉంది, అంటే దాదాపు మూడెకరాలు. ఖాతాలో పడింది మాత్రం 1,700. రేటు తగ్గించారేమో అనుకుని పాపం నెల రోజులు ఎవరినీ అడగలేదు.

నాకు డౌటొచ్చి లిస్టు కోసం వెళ్తే, పంచాయతీ ఆఫీసులో తలుపు తెరిస్తే దాని వెనకాల పడే గోడకు అంటించి ఉంది. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఫోన్‌తో ఫోటో తీసి జూమ్ చేశాను. పేరు సరిగ్గానే ఉంది, గట్ నంబర్ (భూమి సర్వే నంబర్) సరిగ్గానే ఉంది, క్షేత్రం (అంటే విస్తీర్ణం) గడిలో 1.20 ఉండాల్సిన చోట 0.20 అని పడింది. ఆ ఒక్క అంకెకు 8,500 రూపాయలు పోయాయి, అవి మా చిన్నాయనకు వచ్చే పంట విత్తనం డబ్బులు.

సాతబారా (7/12 భూమి పత్రం), ఈ-పీక్ పాహణీలో (ఆన్‌లైన్ పంట నమోదులో) పంట నమోదు చేసిన కాగితం జత చేసి తహసీల్‌లో అర్జీ ఇచ్చాం, మన దగ్గరుండే కాపీ మీద ముద్ర కొట్టించుకున్నాం. తర్వాత గ్రామసభలో లిస్టు మొత్తం గట్టిగా చదవమని పట్టుబట్టాను. మా పేర్లు ఊరందరి ముందు ఎందుకు అని కొందరికి కోపం వచ్చింది, దాని వల్ల ఒకరిద్దరు ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. కానీ అలా చదువుతుంటేనే ఇంకో ఇద్దరి క్షేత్రం తప్పుందని అక్కడికక్కడే తేలింది. ఆధార్, బ్యాంకు నంబర్లు గోడకెక్కించొద్దు, దాన్ని నేనూ ఒప్పుకోను. పేరు, గట్ నంబర్, క్షేత్రం, ఎంత డబ్బు ఇచ్చారన్నది మాత్రం అందరికీ కనిపించాల్సిందే, అది సర్కారు సొమ్ము.

మీ విషయానికొస్తే, ముందు లిస్టులో పేరుందో లేదో చూడండి. పేరుండీ డబ్బు పడలేదంటే చాలాసార్లు కారణం ఫార్మర్ ఐడీ (రైతు గుర్తింపు నంబర్) లేకపోవడం, అలాంటప్పుడు లిస్టులో మీ పేరు పక్కనుండే వీకే నంబర్ (విశిష్ట క్రమాంక్, మీకిచ్చిన ప్రత్యేక నంబర్) పట్టుకుని సేవా కేంద్రంలో ఈ-కేవైసీ చేయించాలి. భూమి అన్నదమ్ముల ఉమ్మడి ఖాతాలో ఉంటే మిగతావాళ్ల సమ్మతి పత్రం అడుగుతారు, టెన్షన్ అంతా అక్కడే, సంతకాలు ఇప్పుడే తీసి పెట్టుకోండి. మన పేర్లు మరాఠీలో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటాయి కాబట్టి అదీ సరిచూసుకోండి. లిస్టే చూపించనంటే పది రూపాయల ఫీజుతో మాహితీ అధికార్ (సమాచార హక్కు) అర్జీ పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అందులో మీ ఒక్కరిదే కాకుండా ఊరి మొత్తం లిస్టు, పంచనామా నకలుతో సహా అడగండి.