ఎకరం అమ్మే ముందు మెడికల్

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లె. మావాడు ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు, పైలట్ అవుతానని పట్టుబట్టాడు. కళ్ళజోడు ఉంది. ఎకరం అమ్మి ఫ్లయింగ్ స్కూలు ఫీజు ఒకేసారి కట్టేయమంటున్నారు. ఏం చేయమంటారు మేడమ్?
– ఒక తండ్రి

జవాబు: ఇప్పుడే కట్టకండి. ముందు డీజీసీఏ (విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ) గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్ 2 మెడికల్, అంటే తొలి వైద్యపరీక్ష, తర్వాత కమర్షియల్ పైలట్లకు కావాల్సిన క్లాస్ 1 చేయించండి. కళ్ళజోడు అడ్డు కాదు. నేనూ పెట్టుకునే విమానం నడుపుతాను, బ్యాగులో ఇంకో జత ఉంటుంది. రంగుల తేడా పట్టే పరీక్షలో, రంగుచుక్కల్లో దాగిన అంకె కనబడకపోతేనే చిక్కు.

కమర్షియల్ లైసెన్సుకు 18 ఏళ్ళు నిండాలి, 200 గంటలు ఎగరాలి, నావిగేషన్, మెటియరాలజీ (వాతావరణ శాస్త్రం) లాంటి రాతపరీక్షల్లో 70 శాతం రావాలి. పరీక్షలు ముందే గట్టెక్కితే మంచిది.

స్కూలుకు మీరే వెళ్ళండి. ఆఫీసులో కాఫీ తాగి వచ్చేయకుండా విమానాలు నిలిపే హ్యాంగర్ దాకా నడవండి. విమానాలెన్ని, వాటిలో రిపేరులో పడున్నవెన్ని, ఇన్‌స్ట్రక్టర్లు ఎందరు? అక్కడి పిల్లల్ని టీకొట్టు దగ్గర పట్టుకుని, పోయిన నెల ఎన్ని గంటలు ఎగిరారో అడగండి, నిజం తెలుస్తుంది. విమానం లేదనీ, పొగమంచనీ ఏడాది చదువు రెండేళ్ళకు సాగడం మామూలే. అందుకే ఫీజు ఎగిరిన గంటల లెక్కన వాయిదాల్లో కడతామనండి. ఉత్తరప్రదేశ్‌లో అమేఠీ జిల్లా ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వ ఫ్లయింగ్ అకాడమీ ఉంది, దాని ప్రవేశపరీక్ష కూడా రాయించండి.

లైసెన్సు చేతికొచ్చినా ఎయిర్‌బస్ 320 లాంటి పెద్ద విమానానికి టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడిపే ప్రత్యేక శిక్షణ, వేరే చేయాలి, ఆ ఖర్చు చాలాసార్లు మనదే. తర్వాత ఉద్యోగానికి ఎదురుచూపులు. అప్పటికి చేతిలో కొంత డబ్బు మిగలాలి కదా!

జీతం బాగుంటుంది, దాచడమెందుకు. కానీ ఐదింటి ఫ్లైటంటే రెండింటికల్లా క్యాబ్ గుమ్మంలో ఉంటుంది. డ్యూటీకి ముందు గొట్టంలో ఊదాలి, మందు వాసన తగిలితే ఇంటికే. దగ్గుమందు తాగాలన్నా డాక్టర్ని అడుగుతాం. హోటల్లో పట్టపగలు కర్టెన్లు బిగించి నిద్రపోవాలి, రాకపోయినా పడుకోవాలి. సంక్రాంతికి ఊరొస్తానో లేదో రోస్టర్ (డ్యూటీల పట్టిక) చెప్పాలి. మా అమ్మ అరిసెలు డబ్బాలో దాచి మరీ తిడుతుంది.

మెడికల్ ఏటా ఉంటుంది, 60 దాటాక ఆర్నెల్లకోసారి. షుగరో గుండెజబ్బో బయటపడితే ఆ రోజునుంచే విమానం నడపకుండా కింద కూర్చోవాలి. ఉద్యోగంలో చేరగానే, లైసెన్సు పోతే పరిహారమిచ్చే బీమా అబ్బాయి చేత తీయించండి.