బొమ్మ చేత తెలుగు పలికించబోతున్న అమ్మడికి

అమ్మడూ,

ఉద్యోగం మానేసి, ఇంట్లో కూర్చుని త్రీడీ బొమ్మల సినిమా చేస్తానన్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వాడికి ఒకటే టెన్షన్. నాకూ లేకపోలేదు. కానీ బొమ్మలు తెలుగులోనే మాట్లాడతాయని విన్నాక నిద్ర పట్టలేదు. తమిళ సినిమాల పెదాలకు తెలుగు మాటలు కూరుస్తూ మద్రాసు కోడంబాకంలో సగం జీవితం గడిపినవాణ్ణి. నువ్వు చేయబోయేది దాన్ని తిరగేసిన పని. మాట ముందు, పెదాలు తర్వాత.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తా. గొంతు రికార్డు చేశాకే బొమ్మను కదిలించు. చెప్పేవాళ్ళ ముఖాన్ని ఫోన్లో వీడియో తీసి పెట్టుకో. సెకనుకు 24 ఫ్రేములని మొదటే ఖాయం చేసుకో, మధ్యలో మార్చకు. రాత్రి పదకొండు దాటితే కంప్యూటర్ కట్టెయ్యి.

ఇక దసరాకి పంపావే, ఆ ముసలమ్మ క్లిప్. అప్పుడు ముచ్చటపడి ఊరుకున్నాను, ఇప్పుడు ఊరుకోను. “అమ్మా, బాబు బువ్వ తిన్నాడా?” అంటుంది ఆవిడ. నువ్వు ప్రతి అక్షరానికీ నోరు తెరిచి మూయించావు. ఆవిడ మాట్లాడుతున్నట్టు లేదు, ఏదో నములుతున్నట్టుంది.

అద్దం ముందు నిలబడి అదే మాట అను. పెదాలు పూర్తిగా కలిసేది నాలుగే చోట్ల: మ్మా, బా, బు, మళ్ళీ బు. ‘వ్వ’ దగ్గర కింది పెదవి పై పళ్ళ దాకా వెళ్తుంది, అంతే. “తిన్నాడా”లో పెదాలు ఒక్కసారి కూడా కలవవు. త, న, డ నాలుక పనులు, నోటి లోపలే జరిగిపోతాయి. ‘తి’ దగ్గర కొంచెం తెరుచుకున్న దవడ ‘న్నాడా’ అంతా ఒకే ఊపులో దిగాలి. నువ్వు ‘డా’ ముందు మూసేశావు చూడు, అక్కడ చెడింది.

‘అమ్మా’లో మకు ఒత్తు ఉంది కదా, పెదాలు నాలుగైదు ఫ్రేములు మూసుకుని ఉండనీ. మామూలు బకి రెండైనా ఉండాలి, ఒక్కటైతే కంటికి ఆనదు. ‘బు’ అనేటప్పుడు పెదాలు ఇంకా మూసి ఉండగానే ముందుకు ముడుచుకుంటాయి. “కూర” అని చూడు, క పలకకముందే నోరు గుండ్రమవుతుంది. అక్షరానికో ఆకారం అతికించుకుంటూ పోతే ఇది ఎన్నటికీ రాదు.

అవధానాల్లో నిరోష్ఠ్యం విన్నావుగా, ప ఫ బ భ మలు రాకుండా పద్యం చెప్తారు. మేం దానికి ఎదురు లెక్క వేసేవాళ్ళం. హీరో పెదాలు కలిసిన చోట ఈ అయిదింటిలో ఒకటి పడాలి. అందుకోసం “చెప్పు”ని “మాట్లాడు” చేసిన సందర్భాలున్నాయి. అవి కుదిరితే మిగతావి కొంచెం అటూ ఇటూ అయినా హాల్లో ఎవరూ పట్టుకునేవాళ్ళు కారు.

నోరు తప్పితే చెవి కూడా మోసపోతుందే తల్లీ. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు ‘గ’ అంటున్న ముఖానికి ‘బ’ శబ్దం జతచేసి వినిపిస్తే, చాలామందికి ‘ద’ అని వినిపించింది.

మీ అన్నయ్య రుబార్బ్ అని, గొంతు విని నోటి ఆకారాలు తనే ఎంచిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదో చూపించాడు. వాడుకో, తప్పు లేదు. కానీ అది మామూలుగా ఇంగ్లీషు అనుకుని వింటుంది. తెలుగుకి ఫొనెటిక్ అన్న ఎంపిక పెట్టాలి. ఆ తర్వాత కూడా పెదాలు కలిసే ప్రతి చోటూ నువ్వే చూసుకో. మన బొమ్మ ఇంగ్లీషు నోటితో తెలుగు మాట్లాడితే నేను చూడలేను.

అంతా అయ్యాక నోటి కదలికను శబ్దం కన్నా ఒకటి రెండు ఫ్రేములు ముందు వచ్చేలా జరిపి చూడు. చెరువు అవతల గట్టున బట్ట బండకేసి కొట్టడం ముందు కనిపించి, చప్పుడు తర్వాత వచ్చినా మనకేం వింతగా ఉండదు. శబ్దమే ముందొస్తే మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

గొంతు ఇచ్చినవాళ్ళకి ఎంతో కొంత ఇవ్వు, ఫ్రెండ్సేగా అనుకోకు. పేరు కూడా తెర మీద వెయ్యి. మాతో పనిచేసినవాళ్ళు చాలామంది ఆ ఒక్క ముచ్చటా తీరకుండానే పోయారు.

ముసలమ్మకి గొంతు కావాలంటే మీ పెద్దమ్మ ఉంది. పొద్దున ఫోన్ చెయ్యి, సాయంత్రం అయితే సీరియళ్ళు వదలదు.

పెదనాన్న