పదమూడు వేల 303, కింది పోర్షన్ మామ్మగారు

ప్రశ్న ఇదీ: "టిబి-303 లాంటి సౌండ్ కోసం ఇరవై వేల లోపు ఏ క్లోన్ కొనాలి? కొన్నాక వాయించడం ఎలా మొదలుపెట్టాలి?"

టిబి-303 అంటే రోలాండ్ కంపెనీ వాళ్ళ పాత బాస్ మెషీన్, క్లోన్ అంటే దానికి నకలు. కొనడం సంగతి ముందు తేల్చేద్దాం. బెహ్రింగర్ టిడి-3 కొనండి. 2019 చివర్లో 149 డాలర్లకి మార్కెట్లోకి వచ్చింది, నాకు 2021లో పదమూడు వేల చిల్లర పడింది. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ఇంకా మంచిది. ఎరుపా పసుపా వెండి రంగా అని బుర్ర పాడుచేసుకోకండి, లోపల సర్క్యూట్ ఒకటే. టిడి-3-ఎంఓ అని ఇంకోటి ఉంది, మొదట్లోనే దాని జోలికి పోవద్దు. ఆస్ట్రేలియాలో రాబిన్ విటిల్ అనే ఆయన ఒరిజినల్ మెషీన్లకి చేసిన డెవిల్ ఫిష్ మార్పుల్ని చూసి దానికి బోలెడు నాబ్‌లు పెట్టారు. ఆరు నాబ్‌లతోనే ఏడాది గడుస్తుంది, అన్ని నాబ్‌లు ఇప్పుడే ఎందుకు?

రోలాండ్ వాళ్ళే 2016లో తెచ్చిన టిబి-03 పాతది మీ బడ్జెట్‌లో దొరికితే అదీ తీసుకోవచ్చు. బ్యాటరీలతో నడుస్తుంది, డిలే (ప్రతిధ్వని) లోపలే ఉంది. "అది డిజిటల్ కదండీ" అని మొహం చిట్లించేవాళ్ళు ఉంటారు, వాళ్ళు చేసిన పాట చివరికి వాట్సాప్ స్టేటస్‌లోనే తేలుతుంది, వదిలేయండి. కోర్గ్ వోల్కా బాస్ ముచ్చటైన పెట్టె, స్పీకరు కూడా ఉంది, కానీ దాంట్లో యాక్సెంట్, అంటే కొన్ని స్వరాల్ని ఒత్తి వాయించే సదుపాయం, లేదు. యాక్సెంట్ లేని 303 అంటే పోపు లేని పప్పు. సోల్డరింగ్ వస్తే జాక్స్‌బాక్స్ అనే 303 క్లోన్ కిట్ ఉంది, లిమోర్ ఫ్రీడ్ అనే ఇంజినీరు 2005లో దాని డిజైన్ మొత్తం అందరికీ ఇచ్చేసింది. కాకపోతే ఒరిజినల్‌లో వాడిన బిఎ662 చిప్‌లాంటివి తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. వాటి వేటలో పడితే పాట చేసేది ఎప్పుడు?

ఇక నాకు ఒళ్ళు మండే విషయం. "ఒరిజినల్ వర్సెస్ క్లోన్" వీడియోలు. వాటిని చూస్తూ ఆరు నెలలు తగలేశాను. ఒకే ప్యాటర్న్, రెండు పెట్టెలు, కింద కామెంట్లలో నాలుగు వందల మంది కొట్టుకుంటుంటారు. అసలు 303ని నేను జన్మలో ముట్టుకోలేదు, అయినా ధైర్యంగా చెబుతున్నా, పాటలో డ్రమ్స్ పడ్డాక ఆ తేడా ఎవడికీ వినపడదు. పైగా ఆ ఒరిజినల్ ఏమన్నా దివ్యవస్తువా? గిటారు వాయించేవాళ్ళు ఇంట్లో ఒంటరిగా ప్రాక్టీస్ చేసుకునేటప్పుడు వెనక బాస్ వాయించిపెట్టడానికని 1981లో రోలాండ్ అమ్మిన ప్లాస్టిక్ డబ్బా. ధర 395 డాలర్లు. బాస్ గిటార్‌లాగా వినపడక ఎవరూ కొనలేదు, పదివేలకి అటూఇటూగా చేసి 1984లో ఆపేశారు. పాత సామాన్ల కొట్లలో చవగ్గా పడి ఉంటే షికాగో కుర్రాళ్ళు తెచ్చుకుని, నాబ్‌లు ఇష్టమొచ్చినట్టు తిప్పి, 1987లో యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతాన్ని లోకం మీదికి వదిలారు. చవగ్గా దొరికింది కాబట్టే ఆ సంగీతం పుట్టింది. ఇప్పుడు దానికి లక్షలు పోసి, గాజు బీరువాలో పెట్టుకుని, మన పదమూడు వేల పెట్టెని చూసి నవ్వుతారు.

సరే, వాయించడం. ఇది నాకు నేర్పింది యూట్యూబ్ కాదు, విజయవాడ సత్యనారాయణపురంలో మా కింది పోర్షన్ మామ్మగారు. వీణ టీచర్. నలభై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నారు, ఇంట్లో పనసకర్రతో చేసిన బొబ్బిలి వీణ ఉంది, దాన్ని పిల్లల్ని ముట్టుకోనివ్వరు.

2021లో వర్క్ ఫ్రమ్ హోమ్ అని అమ్మావాళ్ళింట్లో పై పోర్షన్‌లో ఉండేవాణ్ణి. పెట్టె వచ్చిన వారం. ప్యాటర్న్ అంటే తిరిగి తిరిగి మోగే పదహారు స్టెప్పులు (గళ్ళు). ఆ పదహారింట్లో పదహారు స్వరాలు నింపేశా, యాక్సెంట్ అంటే గట్టిగా వినపడుతుంది కదా అని పదహారింటికీ పెట్టేశా, రెజొనెన్స్ (శబ్దాన్ని కీచుగా చేసే నాబ్) చివరిదాకా తిప్పేశా. వచ్చిందేమిటంటే, చలికాలం పొద్దున స్టార్ట్ అవని లూనా. వీడియోల్లో వినపడే ఆ 'వావ్' అనే అరుపు ఎక్కడా లేదు. నాకు నకిలీది అంటగట్టారని అనుమానం మొదలై, తిరిగి పంపేద్దామని డబ్బా కూడా బయటికి తీశా.

రెండో రోజు సాయంత్రం మామ్మగారు మెట్లెక్కి వచ్చారు. తిట్టడానికే అనుకున్నా.

"ఏమిటి నాయనా, నిన్నటినుంచి ఒకే ముక్క తిరుగుతోంది. ఏదైనా పాడైందేమో అని వచ్చాను."

"లేదు మామ్మగారూ, ఇది వాయిద్యమే," అని చూపించా. కళ్ళజోడు సర్దుకుని చూసి, ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఏదీ, మళ్ళీ పెట్టు." తొడ మీద వేళ్ళతో లెక్కేస్తూ రెండు చుట్లు విన్నారు.

"పదహారేనా?"

"అవునండీ."

"మరి అన్నిటికీ ఒత్తే ఇచ్చావేం? ఎక్కడ మొదలవుతోందో చెవికి ఎలా తెలుస్తుంది?" అని కుర్చీ చేతి మీద కొట్టి చూపించారు. "తకిట తకిట తకధిమి తకిట తకిట. మూడు, మూడు, నాలుగు, మూడు, మూడు. ప్రతి ముక్క తల మీదే ఒత్తు పెట్టు. మిగతావి తీసెయ్."

తీసేశా. 1, 4, 7, 11, 14 స్టెప్పుల మీద మాత్రం ఉంచా. ఫోన్లో యాప్ పెట్టి నాలుగు కిక్‌లు (పెద్ద డ్రమ్ దెబ్బలు) దమ్ దమ్ అని వదిలా. బీటేమో నాలుగు నాలుగుగా నడుస్తోంది, దాని మీద ఒత్తులు మూడు మూడు నాలుగుగా పడుతూ ఒకసారి కలుస్తున్నాయి, ఒకసారి తప్పుకుంటున్నాయి. అప్పుడు అరిచింది పెట్టె. ఆ తర్వాత పదమూడో స్టెప్పుకి కూడా యాక్సెంట్ ఇచ్చి చూశా, పద్నాలుగోది ఇంకా పైకి లేచింది. దీనికి కారణం తర్వాత చదివి తెలుసుకున్నా. యాక్సెంట్ పడ్డప్పుడల్లా లోపల ఒక కెపాసిటర్ నిండుతుంది, అది పూర్తిగా ఖాళీ అయ్యేలోపు ఇంకో యాక్సెంట్ వస్తే ఫిల్టర్ (శబ్దంలో పై భాగాన్ని కోసేది) ముందుకన్నా పైకి తెరుచుకుంటుంది. పదహారూ ఒత్తులే అయితే అది ఎప్పుడూ పైనే ఉంటుంది, ఇక లేచేదేముంది? నేను లూనా చేసింది అలాగ.

మామ్మగారు అంతటితో ఆగలేదు. స్లైడ్ పెట్టిన చోట చెయ్యెత్తి ఆపమన్నారు. "ఈ జారు బాగానే ఉంది కానీ, దగ్గర స్వరానికీ దూరం స్వరానికీ ఒకే సమయంలో జారుతోందేం?" నాకు నోట మాట రాలేదు. నిజంగానే 303లో స్లైడ్‌కి పట్టే సమయం ఎప్పుడూ ఒకటే, సుమారు 60 మిల్లీసెకన్లు, దూరం పక్క స్వరమైనా పై స్థాయి స్వరమైనా. స్పెసిఫికేషన్లు చదివి నేను తెలుసుకున్న ముక్కని ఆవిడ రెండు నిమిషాలు విని పట్టేశారు. "వీణ మీదైతే ఎంతసేపు జారాలో నా వేలు చెబుతుంది. ఇక్కడ అది నీకు చెబుతోంది," అన్నారు. కాబట్టి దూరం స్వరాలకి స్లైడ్ పెట్టండి, చిన్న దూరాలకి పెడితే ఉన్నట్టే తెలియదు.

ఊరుకోలేక ఆవిడకి చరణ్‌జిత్ సింగ్ రికార్డు వినిపించా. తెలియనివాళ్ళకి, ఈయన హిందీ సినిమాల్లో గిటారు, కీబోర్డులు వాయించినాయన. 1982లో బొంబాయిలో ఇదే 303, 808 డ్రమ్ మెషీన్, జూపిటర్-8 సింథసైజర్ పెట్టుకుని పది రాగాలు డిస్కో బీట్ మీద రికార్డు చేశాడు. షికాగో వాళ్ళకన్నా ఐదేళ్ళు ముందు! అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, 2010లో విదేశాల్లో మళ్ళీ విడుదల చేశాక అందరూ నోరెళ్ళబెట్టారు. మాల్కౌన్స్ మొదలవగానే మామ్మగారు "హిందోళం" అన్నారు. కాసేపు విని, "పరుగెక్కువ" అని లేచారు.

ఆ రాత్రే హిందోళం స్వరాలు పెట్టా. సి, డి షార్ప్, ఎఫ్, జి షార్ప్, ఎ షార్ప్, అంతే. మీరూ ఐదు స్వరాలతోనే మొదలుపెట్టండి, ఎక్కువ భాగం కింది సి మీదే ఉంచండి, అప్పుడప్పుడు పైకి ఎగరనివ్వండి. కటాఫ్ (ఫిల్టర్ ఎంత తెరుచుకోవాలో చెప్పే నాబ్) బాగా కిందికి, రెజొనెన్స్ మూడింట రెండొంతులు, ఎన్వలప్ మాడ్ (ప్రతి స్వరానికీ ఫిల్టర్ ఎంత లేవాలో) సగం, డీకే (అది ఎంతసేపట్లో దిగాలో) తక్కువ. ఇక కుడిచేత్తో కటాఫ్ మాత్రమే నెమ్మదిగా తిప్పండి. యాక్సెంట్ పడిన స్వరానికి డీకే నాబ్ పనిచేయదు, పెట్టె పాడైందని కంగారుపడొద్దు.

స్వరాలు ఎక్కించే పద్ధతి మాత్రం చిరాగ్గానే ఉంటుంది. స్వరాలన్నీ ఒక మోడ్‌లో వరసగా కొట్టాలి, ఏది ఎప్పుడు మోగాలి, ఎక్కడ ఖాళీ అన్నది ఇంకో మోడ్‌లో. మధ్యలో ఒక్క ఖాళీ ఎక్కువైతే ఆ తర్వాతి స్వరాలన్నీ ఒక అడుగు జరిగిపోతాయి. ల్యాప్‌టాప్ నుంచి మిడి (వాయిద్యాలకి స్వరాలు పంపే పద్ధతి)లో పంపిస్తే ఈ గోల ఉండదని చాలామంది సలహా ఇస్తారు. వినకండి. నా ప్యాటర్న్‌లలో బాగున్నవి సగానికి పైగా అలా జరిగిపోయి వచ్చినవే, ల్యాప్‌టాప్‌లో గీసుకుంటే మనకి ముందే తెలిసిన ముక్కే వస్తుంది. ఇంకోటి, ఫోన్ స్పీకర్లో విని కొన్నది బాగాలేదనకండి, ఫోన్ స్పీకర్లో ఏ బాసూ ఉండదు. హెడ్‌ఫోన్ పెట్టుకోండి. డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకు చేసే) స్విచ్ మొదటి నెల ముట్టుకోకండి, అది వేస్తే అన్నీ బాగున్నట్టే ఉంటాయి.

మళ్ళీ వారం మామ్మగారు వచ్చారు, ఈసారి చేతిలో ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె. నా ప్యాటర్న్ పక్కన దాన్ని మోగించి మొహం పక్కకి తిప్పుకున్నారు. "శ్రుతి దిగింది నాయనా." ట్యూనింగ్ అని ఎడమ చివర ఒక నాబ్ ఉంటుంది, అప్పటిదాకా నేను దాన్ని తాకనే లేదు. ఆవిడ "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆఁ, చాలు" అంటుంటే తిప్పా. పది నిమిషాల్లో వేడెక్కి మళ్ళీ కాస్త జరిగింది, మళ్ళీ తిప్పించారు. అప్పటినుంచీ స్విచ్ వేసి, కింద టీ తాగి వచ్చాకే వాయించడం మొదలుపెడతా.