పది రోజుల ఇటలీకి ఎనిమిది ఊళ్ళు ఎక్కువ: అత్తయ్య గారితో వెళ్ళివచ్చిన అనుభవం

పది రోజుల సెలవులో రోమ్, నేపుల్స్, పాంపే, ఫ్లోరెన్స్, పీసా, చింక్వె తెర్రె అనే సముద్రతీరపు పల్లెలు, వెనిస్, మిలాన్ చూసి రావాలనుకుంటున్నామనీ, వెంట వచ్చే మీ అమ్మగారికి అరవై ఎనిమిదేళ్ళనీ, ఆవిడ గుడ్డు కూడా ముట్టరనీ, పీసా గోపురం మాత్రం తప్పకుండా చూడాలంటున్నారనీ రాస్తూ, ఈ ప్రణాళిక సాధ్యమేనా అని మీరు అడిగారు. 2024 అక్టోబరులో నేను, మావారు, మా అత్తయ్య గారు హైదరాబాదు నుంచి వెళ్ళి తొమ్మిది రాత్రులు ఇటలీలో ఉండి వచ్చాం. ఆరు నెలల ముందు మేం రాసుకున్న పట్టిక కూడా ఇంచుమించు మీదిలాగే ఉండేది. చివరికి బస చేసింది మూడు ఊళ్ళలోనే: రోమ్‌లో నాలుగు రాత్రులు, ఫ్లోరెన్స్‌లో మూడు, వెనిస్‌లో రెండు. మీరూ ఊళ్ళను కాక రాత్రులను లెక్కపెట్టుకోవడం మొదలుపెడితే పట్టిక దానంతట అదే చిన్నదవుతుంది.

ఎందుకంటే ఊరు మారిన ప్రతిసారీ ఒక పూట పోతుంది. రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కు వేగపు రైలు గంటన్నరలో చేరుస్తుంది, అక్కడి నుంచి వెనిస్‌కు రెండు గంటల పైచిలుకు పడుతుంది. కాగితం మీద ఇది అరచేతిలో దూరంలా కనిపిస్తుంది. కానీ ఉదయం సామాను సర్దుకుని, గది ఖాళీ చేసి, స్టేషన్‌కు చేరి, రైలు దిగి, కొత్త ఊళ్ళో బస వెతుక్కుని, గది ఇచ్చే మధ్యాహ్నం రెండు, మూడు గంటల దాకా పెట్టెలు ఎక్కడో ఒకచోట అప్పగించి, పెద్దావిడకు కాస్త నడుం వాల్చే వీలు కల్పించేసరికి మాకు సాయంత్రం నాలుగయ్యేది. మీ ఎనిమిది ఊళ్ళకు ఏడు మార్పులు, అంటే మూడున్నర రోజులు. దిగే రోజు, తిరిగి విమానమెక్కే రోజు కూడా తీసేస్తే చూడడానికి మిగిలేది నాలుగైదు రోజులే. పాంపే మీకు ప్రాణమైతే ఫ్లోరెన్స్‌లో ఒక రాత్రి తగ్గించి నేపుల్స్‌లో ఉండండి, కానీ అది అరవై హెక్టార్లకు పైగా పరుచుకున్న శిథిల నగరమనీ, నీడ తక్కువనీ, ఎగుడుదిగుడు రాళ్ళ బాటల మీద నడవాలనీ అమ్మగారికి ముందే చెప్పండి. మేం ఆ కారణంగానే మానుకున్నాం. చింక్వె తెర్రె, మిలాన్ ఈసారికి వదిలేయమనే అంటాను.

హైదరాబాదు నుంచి రోమ్‌కు నేరుగా విమానం లేదు కాబట్టి దుబాయ్, దోహా, అబుదాబీ వంటి ఏదో ఒకచోట మారవలసిందే. అలా మారేటప్పుడు రోమ్‌లో దిగి, వెనిస్ నుంచి తిరుగు ప్రయాణం అయ్యేలా ‘మల్టీ సిటీ’ టికెట్ తీసుకోండి. రానూపోనూ రోమ్‌కే తీసుకుంటే ఆఖరి రోజు వెనిస్ నుంచి వెనక్కి సుమారు నాలుగు గంటల రైలు ప్రయాణం, మూడు టికెట్ల ఖర్చు అదనంగా మీద పడతాయి. నెలల విషయానికొస్తే ఏప్రిల్, మే లేదా సెప్టెంబరు ఆఖరు, అక్టోబరు మంచివి. పిల్లల సెలవుల ఇబ్బంది మీకు లేదు కాబట్టి ఆగస్టు జోలికి వెళ్ళకండి. ఎండలు తీవ్రంగా ఉంటాయి, ఆగస్టు 15న వచ్చే ఫెర్రగోస్తో పండుగ చుట్టూ చాలామంది దుకాణాలు మూసుకుని సముద్రతీరాలకు వెళ్ళిపోతారు.

వీసా గురించి కంగారు పడవద్దు, ఆలస్యమూ చేయవద్దు. ఇటలీతో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం పదిహేను రోజుల ముందయినా చేయాలన్నది నియమమే గానీ, అంతదాకా ఆగితే ఆ పదిహేను రోజులూ నిద్ర ఉండదు. పెద్దలకు రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా తప్పనిసరి. ఎక్కువ రాత్రులు గడిపే దేశానికే దరఖాస్తు చేయాలి కనుక, మధ్యలో పారిస్‌ను కూడా కలుపుకుందామన్న ఆలోచన ఉంటే ముందు ఈ లెక్క చూసుకోండి. మేం బసలన్నీ రద్దు చేసుకునే వీలున్న ధరలకే తీసుకుని, వీసా చేతికి వచ్చాకే రైలు టికెట్లు కొన్నాం.

ముందుగా కొని తీరవలసినవి నిజానికి కొన్నే. రోమ్‌లోని ప్రాచీన క్రీడారంగం కొలోసియం టికెట్ మీద చూసేవారి పేరు, లోపలికి వెళ్ళే సమయం ఉంటాయి, పాస్‌పోర్టు చూపమంటారు, కనుక పేరు అందులో ఉన్నట్టే రాయండి. వాటికన్ మ్యూజియంలు ఆదివారం మూసి ఉంటాయి. నెలలో ఆఖరి ఆదివారం ఉచితంగా తెరుస్తారు గానీ, ఆ రద్దీలో అమ్మగారిని తీసుకెళ్ళవద్దు. ఫ్లోరెన్స్‌లో బొత్తిచెల్లి చిత్రాలున్న ఉఫ్ఫీత్సి, మైకెలాంజిలో చెక్కిన డేవిడ్ విగ్రహం ఉన్న అక్కదేమియా, ఈ రెండు మ్యూజియంలూ సోమవారం మూతే. మా మొదటి పట్టికలో ఆదివారం వాటికన్, సోమవారం ఉఫ్ఫీత్సి ఉన్నాయి! విమానం టికెట్లు కొనకముందే మావారు క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూడబట్టి బయటపడ్డాం. మిలాన్‌ను వదలలేమంటే ఒక మాట: అక్కడి ‘లాస్ట్ సప్పర్’ కుడ్యచిత్రం ముందు పదిహేను నిమిషాలే ఉండనిస్తారు, టికెట్లు నెలల ముందే అయిపోతాయి. వాటికన్‌లోని సెయింట్ పీటర్ చర్చిలోకి భుజాలు, మోకాళ్ళు కప్పని దుస్తులతో పోనివ్వరు. అత్తయ్య గారి నేత చీరకు ఆ చిక్కే రాలేదు, పొట్టి లాగుతో వచ్చిన మావారే గదికి వెనక్కి వెళ్ళి ప్యాంటు మార్చుకుని రావలసి వచ్చింది.

మిగతా రోజులను ఖాళీగా ఉంచండి. మా ప్రయాణం మొత్తంలో అత్తయ్య గారు ఇప్పటికీ తలుచుకునేది పట్టికలో లేని ఒక అరగంట. రోమ్‌లో వాన పట్టుకుంటే తలదాచుకోవడానికి పాంథియన్ అనే ప్రాచీన రోమన్ ఆలయంలోకి వెళ్ళాం, అప్పట్లో టికెట్ ఐదు యూరోలు. సుమారు పంతొమ్మిది వందల ఏళ్ళ కిందటి ఆ కాంక్రీటు గుమ్మటం వ్యాసం 43 మీటర్లు. దాని నడినెత్తిన సుమారు తొమ్మిది మీటర్ల వెడల్పున ఆకాశానికి తెరిచి ఉంచిన గుండ్రని కన్నం ఉంది. వాన అందులోంచి నేరుగా లోపలికి పడుతోంది. తాడు కట్టి జనాన్ని పక్కకు జరిపారు. మధ్యలో పాలరాతి నేల మాత్రం తడుస్తూ మెరుస్తూ ఉంది. నేలను నడుమ కొంచెం ఉబ్బెత్తుగా పరిచి, అక్కడక్కడ సన్నని రంధ్రాలు పెట్టడం వల్ల నీరు నిలవకుండా జారిపోతోంది. అత్తయ్య గారు చెప్పులు విప్పబోయి, ఎవరూ విప్పలేదని చూసి ఆగి, ఆ రంధ్రాలలోకి నీళ్ళు దిగడాన్నే చూస్తూ, “మన మండువా ఇల్లే కదమ్మా ఇది” అన్నారు. ఆవిడ పుట్టిల్లు తెనాలి దగ్గర ఒక మండువా లోగిలి.

తిండి విషయంలో మీరు భయపడుతున్నంత ఇబ్బంది లేదు, కానీ తెలియక తినేసే ప్రమాదం ఉంది. ప్యాకెట్లలో అమ్మే ఎండు పాస్తాలో సాధారణంగా గోధుమ రవ్వ, నీళ్ళు తప్ప వేరేమీ ఉండవు. హోటల్లో అప్పటికప్పుడు చేసిన తాజా పాస్తాలో, అంటే తాల్యతెల్లె, రవియోలి వంటి వాటిలో, గుడ్డు కలుస్తుంది. పార్మిజానో చీజ్ కోసం పాలు విరగ్గొట్టడానికి దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారు, కాబట్టి అమ్మగారికి పట్టింపు ఉంటే పైన చల్లవద్దని చెప్పాలి. కూరగాయల సూపులో కూడా మాంసం ఉడికించిన నీరు పోసి ఉండవచ్చు, అడిగి తీసుకోండి. నిశ్చింతగా అడగదగినవి టమాటా సాస్‌తో స్పఘెట్టి, ఎండుమిరపకాయల కారంతో చేసే పెన్నె అర్రబ్బియాతా, చీజ్ అసలే లేని మరినారా పిజ్జా. మెనూలో ‘పెపెరోని’ అని కనిపిస్తే బెదరకండి. ఇటలీలో ఆ మాటకు మాంసం ముక్కలని కాదు, క్యాప్సికమ్ అని అర్థం. ‘లాత్తె’ అడిగితే కాఫీ రాదు, గ్లాసుడు పాలు వస్తాయి. ఇది మావారి స్వానుభవం.

అత్తయ్య గారికి ఇంగ్లీషు అంతంతమాత్రం. అందుకని ఒక చిన్న అట్టముక్క మీద తెలుగు లిపిలో “సోనొ వెజెతారియానా. నియెంతె కార్నె, నియెంతె పెషె, నియెంతె వువోవా” అని రాసి ఇచ్చాను. శాకాహారిని, మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు అని దాని అర్థం. మన మాటల్లాగే వాళ్ళ మాటలూ చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి, ఒత్తులూ పలుకుతాయి, కనుక తెలుగులో రాసుకుని చదివితే ఎదుటివారికి చక్కగా అర్థమైంది. మూడో రోజుకు అట్టముక్క అవసరం లేకుండానే ఆవిడే చెప్పుకునేవారు.

ఇంటి నుంచి కందిపొడి, ఆవకాయ తీసుకెళ్ళాం. నెయ్యి మాత్రం మానేశాం. యూరప్ బయటి నుంచి వచ్చే ప్రయాణికులు పాల పదార్థాలు, మాంస పదార్థాలు తీసుకురాకూడదు, పాలకోవా కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఫ్లోరెన్స్‌లో హోటలు బదులు వంటగది ఉన్న ఫ్లాట్ తీసుకోవడం మేం చేసిన మంచి పనుల్లో ఒకటి. రెండు రాత్రులు స్పఘెట్టి ఉడికించుకుని, ఆలివ్ నూనె, కందిపొడి కలుపుకుని తిన్నాం. ఆ ప్రాంతంలో రొట్టెలో ఉప్పు వేయరు. మాకు చప్పగా తోచిన ఆ రొట్టె అత్తయ్య గారికి ఆవకాయలోకి అన్నం కన్నా బాగుందట. బయట తినేటప్పుడు బిల్లులో ‘కొపెర్తో’ అని మనిషికి ఇంత చొప్పున కలిసి ఉంటుంది. అది మోసం కాదు, కూర్చున్నందుకు తీసుకునే మామూలు రుసుమే. రాత్రి భోజనం చాలాచోట్ల ఏడు, ఏడున్నరకు గాని మొదలవదు. మధుమేహం ఉన్నవారు వెంట ఉంటే సాయంత్రానికి ఏదైనా చేతిలో ఉంచుకోండి. రోమ్ వీధి కుళాయిల నీరు చల్లగా, నిర్భయంగా తాగవచ్చు, ఖాళీ సీసా ఒకటి చాలు.

వెనిస్‌లో మాత్రం మేం తప్పు చేశాం. పెద్ద సూట్‌కేసులు రెండు, చిన్నది ఒకటి. శాంతా లూచియా స్టేషన్ బయట మెట్లు దిగగానే కాలువ కనిపించి మైమరచిపోయాం. బస దగ్గరే కదా, 9.50 యూరోల చొప్పున పడవ టికెట్లు ఎందుకని నడిచాం. నక్షాలో ఏడు వందల మీటర్లే, కానీ దారిలో మూడు వంతెనలు, ప్రతి వంతెనకూ ఎక్కే మెట్లు, దిగే మెట్లు. ఆ ఊళ్ళో కారుండదు, ఆటో అసలే ఉండదు. రెండో వంతెన మీద సూట్‌కేసు చక్రం ఊడి కాలువలోకి దొర్లిపోయింది. మీరు స్టేషన్ నుంచి ఒక్క వంతెన కూడా దాటనక్కరలేని బసను గాని, పడవ ఆగే చోటుకు ఆనుకున్న బసను గాని చూసుకోండి. ధర తక్కువని మెస్త్రెలో తీసుకుంటే అది ప్రధాన భూభాగం మీది ఊరని గుర్తుంచుకోండి. వెనిస్ బాగుండేది పగటి గుంపులు వెళ్ళిపోయాక, తెల్లవారుజామున. అదంతా రైలు దూరంలో ఉంటే దక్కదు. 2024 నుంచి వసంతం, వేసవిలో ఎంపిక చేసిన రోజుల్లో పగలు వచ్చి వెళ్ళేవారి దగ్గర ప్రవేశ రుసుము కూడా తీసుకుంటున్నారు. ఊళ్ళో రాత్రి ఉండేవారికి అది లేదు, అయితే మినహాయింపు కోసం ముందే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి.

ఇక అమ్మగారి పీసా. దానికి వేరే బస అక్కరలేదు. ఫ్లోరెన్స్‌లోని శాంతా మరియా నొవెల్లా స్టేషన్ నుంచి మామూలు ప్రాంతీయ రైలులో సుమారు గంట ప్రయాణం. ఈ రైళ్ళ టికెట్ ధర ముందు కొన్నా, అప్పుడు కొన్నా ఒకటే. కాగితం టికెట్ కొంటే రైలెక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గరి యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే డబ్బు కట్టి కూడా జరిమానా కట్టవలసి వస్తుంది. పీసా చెంత్రాలె స్టేషన్ నుంచి గోపురానికి దాదాపు అరగంట నడక, టాక్సీ తీసుకోండి. 1173లో మొదలైన ఆ గోపురం ఒరుగుతూ వచ్చి ప్రమాదస్థితికి చేరితే 1990లో మూసేసి, ఉత్తరం వైపు నేలలోంచి మట్టి తోడి, ఒరుగుదలను నలభై సెంటీమీటర్లకు పైగా తగ్గించి, 2001లో మళ్ళీ తెరిచారు. పైకి ఎక్కాలంటే సమయం రాసిన టికెట్ ముందుగా కొనాలి. అమ్మగారి చేత ఎక్కించవద్దు, అరిగిన మెట్లు, పైగా అవీ ఒరిగే ఉంటాయి. మా అత్తయ్య గారు ఎదుటి పచ్చిక పక్కన గట్టు మీద కూర్చుని, గోపురాన్ని చేత్తో ఆపుతున్నట్టు ఫొటోలు దిగుతున్న జనాన్నే ముప్పావుగంట చూసి నవ్వుకున్నారు. పొద్దున తొమ్మిదికి బయలుదేరిన వాళ్ళం మధ్యాహ్నం రెండుకల్లా ఫ్లోరెన్స్ ఫ్లాట్‌కు వచ్చేసి అన్నం వండుకున్నాం.