కంప్యూటర్ మాస్టారి జవాబులు: అప్‌డేట్ చేయమని అడుగుతున్నది ఎవరు?

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారమండీ. మాది అంబాజీపేట. మావారి కొబ్బరి వ్యాపారం లెక్కలు నేనే కంప్యూటర్లో చూస్తాను. మొన్న ఓ వెబ్‌సైట్లో ధరలు చూస్తుంటే తెరంతా తెల్లబడి ‘మీ క్రోమ్ పాతబడిపోయింది, వెంటనే అప్‌డేట్ చేయండి’ అని వచ్చింది. కింద నీలం బటన్. నొక్కాను. ఏదో ఫైలు దిగింది. భయమేసి తెరవలేదు. అప్పట్నుంచి తెరకు కుడివైపు కింద మాటిమాటికీ ‘వైరస్ ఉంది, అప్‌డేట్ చేయండి’ అని ఓ పెట్టె వస్తోంది. క్రోమ్ మూసేసినా వస్తోందండీ. బ్యాంకు పనులూ ఇందులోనే చేస్తాం. మావారికి ఇంకా చెప్పలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ‘తెరవలేదు’ అన్న మాట చదివాక నా మనసు కుదుటపడింది. ఆ ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేయనంత వరకూ మీ లెక్కలకూ, బ్యాంకుకూ అది ఏమీ చేసి ఉండదు. ఇప్పుడు మీకున్నది పెట్టె గొడవ. అది వేరు, ఫైలు వేరు.

ముందు పెట్టె సంగతి. ఈసారి వచ్చినప్పుడు మూసేయకుండా, దాని మీద నొక్కకుండా, ఒక్క క్షణం దగ్గరగా చూడండి. పైన క్రోమ్ బొమ్మ, పెద్ద అక్షరాల్లో వైరస్ హెచ్చరిక ఉంటాయి. వాటితోపాటే చిన్న అక్షరాల్లో ఓ వెబ్‌సైట్ పేరు ఉంటుంది. మీరు ఎన్నడూ వినని పేరు. ఆ పెట్టెను పంపుతున్నది వాళ్లే. ఎప్పుడో ‘మీరు రోబో కాదని చెప్పడానికి అలౌ నొక్కండి’ అంటే నొక్కి ఉంటారు. ఆ నొక్కుడుతో, మీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు కబురు పంపడానికి వాళ్లకు అనుమతి దొరికింది. క్రోమ్ మూసినా వస్తోందంటే, అది వెనకాల నడుస్తూనే ఉంటోందన్న మాట.

క్రోమ్‌లో పై కుడిమూల మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌కి వెళ్లండి. ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. అనుమతి ఉన్న సైట్ల జాబితా కనిపిస్తుంది. తెలియని ప్రతి పేరు పక్కనా ఉన్న మూడు చుక్కలు నొక్కి బ్లాక్ చేయండి. రిమూవ్ కన్నా బ్లాకే మంచిది, మళ్లీ అడగడానికి వీలుండదు. పెట్టెలు ఆగిపోతాయి. అదే సెట్టింగ్స్‌లో సిస్టమ్ అన్న చోట, మూసేశాక కూడా వెనకాల నడిచే వీలు ఉంటే దాన్ని ఆపేయండి.

ఇక ఫైలు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో దాని మీద ఒక్కసారే నొక్కి, షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టండి. తర్వాత విండోస్ సెక్యూరిటీలో ఫుల్ స్కాన్ పెట్టండి. గంట, రెండు గంటలు పట్టినా పట్టనివ్వండి. క్రోమ్ ఎక్స్‌టెన్షన్లలో, అంటే క్రోమ్‌కు తగిలించుకునే అదనపు హంగుల్లో, మీరు పెట్టుకోనిది ఏదైనా ఉంటే తీసేయండి.

అసలు మోసం ఎక్కడుందో చెబుతాను. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురంలో దిగాం అనుకోండి. గట్టు మీద కొట్టువాడు ‘మీరొచ్చిన పంటు ఇంజను పాడైంది, నా దగ్గర కొత్తది కొనండి’ అంటే కొంటామా? పంటు సంగతి పంటువాళ్లు చూసుకుంటారు. వెబ్‌సైట్ కూడా ఆ కొట్టువాడిలాంటిదే. బ్రౌజర్‌ను, అంటే వెబ్‌సైట్లు చూపించే క్రోమ్ లాంటి ప్రోగ్రామ్‌ను, అప్‌డేట్ చేసే పని ఏ వెబ్‌సైట్‌దీ కాదు. నిజమైన అప్‌డేట్ క్రోమ్ లోపలే, దానంతటదే దిగుతుంది. సిద్ధమైతే ఆ మూడు చుక్కల దగ్గరే చెబుతుంది. అనుమానమొస్తే మూడు చుక్కలు, హెల్ప్, అబౌట్ గూగుల్ క్రోమ్. ఆ పేజీ తెరవగానే క్రోమ్ తనే వెతుక్కుని, ఉంటే దించుకుని, రీలాంచ్ అంటుంది. అంతకుమించి మీరు చేయాల్సింది ఏమీ లేదు.

‘నేను రోజూ చూసే మంచి సైట్లోనే వచ్చిందండీ’ అంటారు చాలామంది. అది భరోసా కాదు. నిజాయితీగా నడిచే సైట్లలోకే దొంగలు చొరబడి ఈ బొమ్మ పెడతారు. సాక్‌గోలిష్ అని భద్రతా నిపుణులు పిలిచే మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) ఏళ్ల తరబడి వచ్చింది ఈ దారినే. ఈమధ్య మరో ఎత్తు మొదలైంది. ‘విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కండి, కంట్రోల్ వీ కొట్టండి, ఎంటర్ నొక్కండి’ అంటారు. దొంగ ఆజ్ఞను మన వేళ్లతోనే కంప్యూటర్‌కు ఇప్పించడమది. ఏ అప్‌డేటూ అలా అడగదు. అలాంటి పేజీ మూతపడకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి కొట్టి, టాస్క్ మేనేజర్లో క్రోమ్‌కు ఎండ్ టాస్క్ ఇవ్వండి. మళ్లీ తెరిచాక రీస్టోర్ చేయమంటారా అంటే వద్దనండి.

పోయిన వానాకాలం ముమ్మిడివరం నుంచి ఓ కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. అతను ఫైలు తెరిచాడు. తెర మీద ఏమీ జరగలేదు కాబట్టి ఏమీ కాలేదనుకున్నాడు. సాయంత్రానికి అతని మెయిల్ వేరేవాళ్ల చేతుల్లో ఉంది. బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డులతోపాటు, లాగిన్ అయి ఉన్న గుర్తులనూ ఇలాంటివి ఎత్తుకుపోతాయి. అందుకే తెరిచినవాళ్లు ముందు ఇంటర్నెట్ తీసేయాలి. వేరే ఫోన్లోంచి పాస్‌వర్డులు మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ కావాలి. కంప్యూటర్‌కు విండోస్ సెక్యూరిటీలోనే ఉండే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ చేయాలి. ఆ కుర్రాడి ల్యాప్‌టాప్‌లో చివరికి విండోస్ మొత్తం మళ్లీ వేశాను. వాళ్ల నాన్న పక్క బెంచీ మీద ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నారు. ఆ ముఖం ఇప్పటికీ మర్చిపోలేను.

మీది ఏ విండోసో రాయలేదు. విండోస్ 7 అయితే మాత్రం 2023 ఫిబ్రవరి నుంచి క్రోమ్ కొత్త వెర్షన్లు దానికి రావడం లేదు. ‘పాతబడింది’ అన్న మాట అక్కడ నిజమే కాబట్టి దొంగ బటన్ మరీ నమ్మబుద్ధేస్తుంది. ఆ కంప్యూటర్లో లెక్కలు రాసుకోండి, బ్యాంకు పని వద్దు.

మీవారికి చెప్పలేదన్నారు. ఈ రాత్రే చెప్పండమ్మా. రేపు ఆయన ఫోనుకు తెలియని ఓటీపీ వస్తే ఎవరికీ చెప్పకూడదని ఆయనకూ తెలియాలి. మీరు తప్పు చేయలేదు. ఫైలు తెరవకుండా ఆగి అడిగారు.

ప్రశ్న: మాస్టారూ, రొయ్యల చెరువుల రైతుని. వాట్సాప్‌లో ‘క్రోమ్ అప్‌డేట్’ అని ఏపీకే (యాప్‌ను నేరుగా ఫోన్లో వేసే ఫైలు) వస్తే ఫోన్లో వేసేశాను. తీసేద్దామంటే అన్‌ఇన్‌స్టాల్ పని చేయడం లేదు.
– భీమవరం దగ్గర నుంచి

జవాబు: బాబూ, ఇది చదవగానే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆపండి. ఫోన్లో క్రోమ్ అప్‌డేట్ ప్లే స్టోర్లోంచే వస్తుంది, వాట్సాప్‌లో రాదు. సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్స్ అని వెతికి దాని అధికారం తీసేయండి. యాక్సెసిబిలిటీలో కూడా ఆపండి. అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ అవుతుంది. కాకపోతే ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు నడవని పద్ధతిలో) తెరిచి ప్రయత్నించండి. ఈలోగా ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలు ఆపించండి. రూపాయి పోయినా సరే, ఆ ఇంకొకరి ఫోన్ నుంచే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. మేత డబ్బులు ఖాతాలో ఉన్నాయేమో, తెల్లారేదాకా ఆగకండి.